తీతా పురింగ్ చూపు

"అమ్మో, ఏం బుగ్గలే ఇవి! సియోపావ్ బన్నుల్లా ఉన్నాయి!"

పక్క ఊరి నుంచి పండగకి వచ్చిన పిన్ని వరస తీతా పురింగ్, బొటనవేలు నాలుకతో తడుపుకొని చిన్నారి లిగాయా పొట్ట మీదికి వంగింది. మెచ్చుకున్న నోటి తడే పొట్టకి రాస్తే పిల్లకి దిష్టి తగలదని అక్కడందరూ చేసేదే. కానీ వంగుతూ వంగుతూనే పెద్దగా తుమ్మింది.

తల్లి మరివిక్ గబుక్కున అడ్డొచ్చింది. పిల్ల ఒంట్లో రోగాల్ని తరమాల్సిన బలం దారి తప్పి పిల్ల కీళ్లనే పీడిస్తోందని, దాన్ని అణచడానికి మందు వాడుతున్నారు. ఆ బుగ్గలూ మందు పొంగే. ఇప్పుడు పిల్ల గెంతుతోంది, నిజమే. కానీ ఎవరి జలుబు అంటుకున్నా ఆసుపత్రి పాలేనని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఊరి పండగ పూట తలుపు మూసుకుని కూర్చోవడమెలా?

"వద్దు తీతా... మందులు వాడుతున్నాం..."

"మందులు మందులే, దిష్టి దిష్టే! జరుగమ్మాయ్."

వంటింట్లోంచి గరిటెతో అత్తగారు వచ్చింది. మరివిక్‌కి భయం రెట్టింపైంది. దిష్టి మాటెత్తితే ఈవిడే అందరికన్నా ముందుంటుంది. దగ్గరుండి మరీ రాయిస్తుంది!

"ఆగవే పురింగ్! నీ ఉమ్ము పనిచెయ్యదు" అంది అత్తగారు. "పోయిన నెల నువ్వు రాసి వెళ్లిన సాయంత్రమే పిల్ల కడుపు పట్టుకుని ఒకటే ఏడుపు. నీది మామూలు చూపు కాదు తల్లీ. గుమ్మం దగ్గర్నుంచి చూసినా తగులుతుంది."

తీతా పురింగ్ వేలు చటుక్కున వెనక్కి లాక్కుంది. "అయ్యో మేరీమాతా! నాదా?"

"నీదే. గేటు దగ్గర కూర్చో, పన్‌సిత్ నూడుల్స్ తెచ్చిపెడతా. ఇటు మాత్రం తిరక్కు."

పాపం ఆవిడ తల దించుకుని వెళ్లి, వీధివైపు తిరిగి కూర్చుంది.

మరివిక్ ఊపిరి పీల్చుకుంది గానీ మనసు ఊరుకోలేదు. కన్నతల్లిని పిలిచినట్టే అత్తగారిని పిలిచింది. "నానాయ్, పిల్లకి కడుపునొప్పి ఎప్పుడొచ్చింది? పెద్దావిడ ఎంత నొచ్చుకుందో! మందు సంగతి వివరంగా చెబితే పోయేదిగా?"

"ఈస్టరుకి అందరికీ చెప్పావుగా. ఏమైంది? అయ్యో పాపం అంటూ వరసబెట్టి ఎత్తుకుని ముద్దులాడారు."

ఇంతలో వీధిలో వాళ్లంతా గుంపుగా వచ్చేశారు. మరివిక్ పిల్లని ఒళ్లోకి లాక్కుంది. చిత్రం, ఒక్కరూ గేటు దాటలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గేటు బయట తలో స్టూలూ లాక్కుని, ఇంటికి వీపు పెట్టి వడ్డన కోసం కూర్చున్నారు.

"వీళ్లకేమైంది నానాయ్?"

అత్తగారు పన్‌సిత్ గిన్నె చంకనెత్తుకుంటూ గొంతు తగ్గించింది.

"నిన్న ఇంటింటికీ వెళ్లొచ్చాలే. పిల్లకి తగిలింది నీ చూపేనని ఒక్కొక్కరికీ చెప్పి, ఈ సంగతి ఎవరికీ చెప్పనని అందరి దగ్గరా ఒట్టేశా."