మోటారు అవతలి కొస

అల్ రువైస్ రేవు పక్కన మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీలో ఆ రాత్రి ఎలక్ట్రీషియన్ గజేందర్ ఒక్కడే ఉన్నాడు. పాత మోటారు మీద అక్షరం ముక్క లేదు. ఎన్ని హార్స్‌పవరో తెల్లారేలోగా చెప్తేనే కంపెనీ కొత్తది పంపుతుంది. ఇరుసు లావు కొలిస్తే అంచనా దొరుకుతుంది. కొలిచేందుకు వీలుగా దాన్ని చేత్తో మెల్లగా అరచుట్టు తిప్పాడు. చెయ్యి తీయగానే అది అంతే మెల్లగా దానంతటదే వెనక్కి తిరిగింది.

ఇరుసు రెండో కొస గోడలోంచి పక్కనే ఐసు నిలవుంచే చలిగదిలోకి పోతుంది. సూపర్‌వైజర్ సుధాకరరావుకు ఫోన్ చేశాడు.

"సార్, చలిగదిలో ఎవరన్నా ఉన్నరా?"

"దానికి తాళం వేసి మూడేళ్ళయింది. కరెంటు కూడా లేదు. ఏమైంది?"

గజేందర్ ఫోన్ పెట్టేశాడు. లోపల మనిషే ఇరుక్కుంటే ఎట్లా వదిలి పోవుడు? ఇరుసు పట్టుకుని, "ఎవరు?" అన్నాడు.

చల్లటి ఇనుము అరచేతి కింద మెల్లగా వెచ్చబడింది, అవతలి కొసను కూడా ఎవరో పట్టుకున్నట్టు.