తాబేలు పిల్లల గౌను

పూర్ణా మార్కెట్‌లో మహేశ్వరి కొట్టు ముందు ఆగని పిల్ల లేదు.

గౌన్ల మీద ఉత్త పువ్వులు కావు మరి, నిజం ఫొటోలు! తెల్లారగట్ల ఇసకలోంచి సముద్రంలోకి పాకే తాబేలు పిల్లలు, చేపను ముక్కున కరిచిన లకుముకి పిట్ట.

అవన్నీ భీమిలిలో ఉండే ఒక మాస్టారు తీసినవి. ఫోన్‌లో గొంతే తప్ప ఆయన ముఖం ఆమె ఎరగదు. "పిల్లలు తొడుక్కుంటే సాలు తల్లీ" అని ఊరికే పంపేవాడు.

అలాంటిది, ఎదురుకొట్టు సన్యాసిరాజు ఆ తాబేలు పిల్లల్నే నాసిరకం గుడ్డ మీద అచ్చేయించి, సగం ధరకి వేలాడదీశాడు. మహేశ్వరికి బేరాలు పడిపోయాయి.

"ఆడి కొట్టుకి తాళం పడిందాకా నాకు నిద్దరట్టదు" అంది పక్కకొట్టు సబీనాతో.

"ఊరుకో అక్కా, ముందు నీకు బీపీ ఒచ్చేత్తాది."

ఒక పొద్దున, ఇంకా బోణీ అయినా కాలేదు. మెళ్లో కెమెరా వేసుకున్న ముసలాయన ఒకడు సన్యాసిరాజు కొట్లోంచి బయటికొచ్చాడు. నేరుగా ఇటే వచ్చి, ఆమె గౌన్లకి కెమెరా గురిపెట్టాడు.

ఓహో, బొమ్మలెత్తుకుపోయే దొంగ వీడా!

కొట్టు ముందు చల్లడానికి కలిపిన పసుపు నీళ్ల బకెట్టు చేతిలోనే ఉంది. ఎత్తి, గురి చూసి, సరిగ్గా కెమెరా మీదే కుమ్మరించింది.

"తియ్యి! ఇప్పుడు తియ్యి! రేపు ఆడి నెత్తి మీదా పోత్తానని సెప్పు, ఎల్లు!"

ముసలాయన నోరు తెరవబోయాడు. ఆమె తెరవనిస్తేనా!

చొక్కా అంచుతో కెమెరా తుడుచుకున్నాడు. మీట నొక్కాడు. వెలగలేదు. మళ్లీ నొక్కి చూసి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికల్లా సన్యాసిరాజు తాబేలు గౌన్లన్నీ దించి మూట కట్టేశాడు. ఇటువైపు తలెత్తనైనా లేదు.

"సూసినావా సబీనా! ఒక్క బకెట్టుకే అదిరిపోనాడు!"

ఈ సంబరం ముందు మాస్టారికే చెప్పాలనిపించింది. ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఆడు మన బొమ్మలు దించేసినాడు! పగ తీరిపోనాది నాకు!"

"దించేసినాడా? మాట నిలబెట్టుకున్నాడు. పొద్దున్న నానే ఎల్లి, కెమెరాలో అసలు బొమ్మలు సూపించి, కేసెడతానన్నాను తల్లీ."

మహేశ్వరి, పసుపు ఇంకా వదలని తన చేతుల వైపు చూసుకుంది.

"మన గౌన్లు ఏలాడతంటే ఒక ఫొటో తీసుకుందామని నీ కొట్టు కాడికీ వచ్చినాను" అన్నాడాయన మెల్లగా.