దొరగారు తినడం లేదు

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు సర్వేయరు చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు. భార్య వేరే ఊళ్లో నర్సు. ఆమె వచ్చేసరికి సాయంత్రమైంది.

ఇంటికి వచ్చేపోయేవాళ్లు తగ్గాక ఆమె ఒక సంగతి గమనించింది. తాబేలు తినడం లేదు.

అది నేల తాబేలు. అరచేతి కంటే కాస్త పెద్దది. హాల్లో కిటికీ పక్కన చెక్కపెట్టె, అందులో మట్టి, పళ్లెంలో నీళ్లు, పైన ఎండకు బదులుగా వెలిగే కరెంటు దీపం. ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నానని పోయిన ఏడాది సర్వేయరే తెచ్చాడు. దొరగారు అని పేరు పెట్టాడు. ఆమె నెలకు రెండు ఆదివారాలు వచ్చేది. మిగతా రోజులు ఫోను.

"దొరగారి భోజనమైంది. ఇక నేనొక్కణ్ణే కూచుని తినాలి" అనేవాడు సాయంత్రం పూట.

ఇప్పుడామె ముల్లంగి ఆకు పెడితే తాబేలు తల లోపలికి లాక్కుంది. దోసకాయ ముక్క పెట్టినా అంతే.

"అచ్చం మా అన్నయ్యే వదినా" అంది ఆడపడుచు. "అలిగితే బతిమాలించుకోనిదే ముద్ద ముట్టేవాడు కాదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు.

పశువుల డాక్టరు తాబేలును ఇటూ అటూ తిప్పి చూశాడు. పెంకు గట్టిగానే ఉంది. ముక్కు కారడం లేదు.

"దీపం మారుస్తున్నారా? వెలుగుతోంది కదా అని వదిలేయకూడదు. ఏడాది తిరిగేలోపు మార్చాలి. లేకపోతే పెంకు మెత్తబడుతుంది."

"మొన్ననే మార్చారండీ."

"రోజూ కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. పొద్దున ఎండలో నడవనివ్వండి. రొట్టె, పాలు వద్దు." తాబేలును బల్ల మీద పెట్టాడు. "జబ్బేం లేదు. తిండి ఎవరు పెట్టేవాళ్లు?"

"మా ఆయన. చేత్తో తినిపించేవారు. ఆయన పోయారు."

డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఇది చేతికి అలవాటుపడిందమ్మా. కొత్తవాళ్లయితే పెంకులో దూరుతుంది. రోజూ పెట్టే మనిషి కనిపిస్తే మెడ సాచుకుని ఎదురొస్తుంది, నోరు తెరుస్తుంది. ఆ మనిషి కోసమే చూస్తోంది."

"నాకు అలవాటు కావాలంటే?"

"నాలుగైదు నెలలు. రోజూ, అదే చెయ్యి. అప్పటిదాకా తినకుండా ఉంటే బతకదు."

ఆమె సెలవు పొడిగించుకుంది. భర్త చొక్కా తొడుక్కుని, చేతులు పైకి మడిచి, నేల మీద కూర్చుంది. ఆకు పట్టుకుంది. తాబేలు తల బయట పెట్టలేదు.

"ఆయన కోసం అన్నం మానేసింది నువ్వొక్కదానివే" అంది దానితో. "నేను తింటున్నాను చూడు, సిగ్గులేకుండా."

వంటింట్లోంచి ఆడపడుచు విని, బయటికి రాకుండా అక్కడే నిలబడిపోయింది.

ఆదివారం పొద్దున తాబేలును కిటికీ దగ్గర ఎండలో వదిలారు. ఆమె పక్కనే ఆకు పట్టుకుని కూర్చుంది. తలుపు చప్పుడైంది. సర్వేయరు ఆఫీసులో మ్యాపులు గీసే అమ్మాయి వచ్చింది. మిగతా ఆఫీసువాళ్లు అంత్యక్రియల రోజే వచ్చి వెళ్లారు.

"ఇల్లు దొరకడం కష్టమైందండీ. ఈ వైపు ఎప్పుడూ రాలేదు" అంది అమ్మాయి.

ఆడపడుచు కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. "మూడంతస్తులు ఎక్కొచ్చావు, కాస్త ఊపిరి తీసుకోమ్మా."

"సార్ చాలా మంచివారండీ" అంది అమ్మాయి.

"మాకంటే దీనికే ఆయన మీద బెంగ ఎక్కువ" అంది భార్య, తాబేలును చూపిస్తూ. "పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడం లేదు."

అమ్మాయి అటు చూడలేదు. "నాకు ఇలాంటివంటే భయమండీ" అని కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది.

తాబేలు తల బయటపెట్టి, ఆకు పట్టుకున్న చేతిని దాటుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, కుర్చీ కింద ఆ అమ్మాయి పాదం మీద ముందుకాళ్లు ఆన్చి, మెడ సాచి నోరు తెరిచింది.