సొంత వాక్యం

“ఇంగ్లీషు ముచ్చట వద్దు సార్. కింద మా పిల్ల సొంతంగ రాసిన వాక్యముంటది గద, అది తెలుగుల చెప్పున్రి, చాలు,” అంది జానమ్మ.

శ్రీధర్ నోటుపుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. పేజీకి ఐదు మాటలు. ఒక్కో మాట పక్కన అర్థం, అదే అర్థమిచ్చే ఇంకో మాట, వ్యతిరేక పదం, చివర ఒక వాక్యం. కోదాడ బస్టాండు దగ్గర మేడ మీద గదిలో పదకొండేళ్ళుగా అతను ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నదీ ఇదే పద్ధతిలో. మాట గుర్తుండాలంటే పుస్తకంలో వాక్యం కాదు, మీ ఇంట్లో వాక్యం రాయండి అని పిల్లలకు రోజూ చెబుతాడు. జానమ్మ కూతురు మౌనిక ఎక్కడ నేర్చుకుందో గానీ, ప్రతి వాక్యం ఇంట్లోదే రాసింది.

“‘స్టబర్న్’. అంటే మొండి. మా మేక మా అమ్మంత మొండిది, అని రాసింది.”

జానమ్మ నవ్వలేదు. ఒక వేలు కూతురి వాక్యం కిందే ఉంచి, రెండో చేత్తో తన పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంది. బడికి పోలేదని, కూతురి వాచకాలు చూసి తెలుగు కూడబలుక్కున్నానని మొదటిరోజే చెప్పింది. ఇంగ్లీషు మాత్రం తన వల్ల కాదంది.

ప్రతి మంగళవారం గరిడేపల్లి నుంచి వస్తోంది. వారానికి ఒక్క పేజీ. ఇది ఆరోది, ఇంకా రెండున్నాయి. అన్నీ ఒక్కరోజే చదివేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. ఒక్కసారే అయిపోతే వచ్చే మంగళవారం దేనికోసం చూడాలని అడిగింది.

“దగ్గర్లో ఎవరూ దొరకలేదా పెద్దమ్మా, ఇంత దూరం వస్తున్నారు?”

“సూర్యాపేటల ఒక మేడం దగ్గరికి పోయిన. మిర్యాలగూడల ఒక సార్ దగ్గరికి పోయిన. ఇద్దరు మంచిగ చదవలే.”

“తప్పులు చదివారా?”

“ఏమో సార్. మంచిగైతే చదవలే.”

శ్రీధర్‌కు కొంచెం గర్వం కలిగింది. ఆమె నీళ్ళు తాగడానికి వరండాలోకి వెళ్ళినప్పుడు ఆఖరి పేజీ తిప్పి చూశాడు.

అందులో ఒకే ఒక్క మాట ఉంది. ఫర్గివ్. క్షమించు. సమానార్థకం, పార్డన్. వ్యతిరేకం, బ్లేమ్. కింద వాక్యం: ఐ విల్ నెవర్ ఫర్గివ్ మై మదర్. మా అమ్మను ఎప్పటికీ క్షమించను. కలం ఎంత ఒత్తి రాసిందో, అక్షరాలు కాగితం వెనక చేతికి తగులుతున్నాయి.

ఆమె వచ్చేలోపు పుస్తకం మూసేశాడు.

మరుసటి మంగళవారం పేజీ అయ్యాక అడగకుండానే ఆమె చెప్పుకొచ్చింది. మౌనిక బ్యాంకు పరీక్షకు చదివేది. ఆ నోటుపుస్తకం దానికోసమే.

“ఉద్యోగమొస్తే యాడ్నో దూరం ఏస్తరని భయమైంది సార్. పరీక్ష పొద్దున హాల్ టికెట్, ఆధార్ కార్డు బియ్యం డబ్బల దాసిన. పిల్ల ఇల్లంత దేవులాడింది. నేను గుడ దానితోని దేవులాడినట్టే చేసిన.”

రెండు రోజుల తర్వాత మౌనిక ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళయింది. ఫోను లేదు, ఫలానా చోట ఉందని చెప్పినవాళ్ళూ లేరు. నోటుపుస్తకం మాత్రం బియ్యం డబ్బా మూత మీద పెట్టి పోయింది.

“ఆఖరి పేజీ ఆ రెండు దినాలల్లనే రాసుంటది. అండ్ల నన్నేమన్నదో అదొక్కటి మీ నోట ఇనాలె. ఇనకపోతే నాకు నిద్ర రాదు.”

ఆ వారమంతా శ్రీధర్ తరగతిలో పరధ్యానంగా ఉన్నాడు. పేజీ చిరిగిందని చెబుదామనుకున్నాడు. చేతిరాత అర్థం కాలేదని చెబుదామనుకున్నాడు. మంగళవారం ఆమె వచ్చి, ఆ పేజీ తానే తెరిచి, వాక్యం కింద వేలు పెట్టింది.

“‘ఫర్గివ్’. అంటే క్షమించడం,” అని ఆగాడు.

“వాక్యం, సార్.”

“మా అమ్మను నేను ఎప్పుడో క్షమించాను, అని రాసింది.”

జానమ్మ వేలు కదల్లేదు. ఆమె కళ్ళు కాసేపు అతని ముఖం మీద నిలిచాయి.

“ఇంకొకపారి చెప్పున్రి.”

రెండోసారి అబద్ధం తేలిగ్గా వచ్చింది. పైగా, అమ్మకు దూరమంటే భయం, అంతే, అని ఇంకొకటి కూడా కలిపాడు. వరసలో ఉన్నవి ఆరు మాటలే. ఆమె ఎక్కడ లెక్కపెడుతుందోనని భయపడ్డాడు. జానమ్మ లెక్కపెట్టలేదు. రెండు వాక్యాలనూ నెమ్మదిగా రాసుకుని, తేదీ వేసి, రెండు పుస్తకాలనూ సంచిలో పెట్టుకుంది.

“ఆ ఇద్దరి కంటె మీరే మంచిగ చదివిన్రు సార్,” అని దండం పెట్టి మెట్లు దిగింది.

ఆమె రోడ్డు దాటి బస్టాండులోకి పోయేదాకా శ్రీధర్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. పిల్లలకు చెప్పడమే గానీ, తానుగా ఒక సొంత వాక్యం చెప్పడం ఇదే మొదటిసారి అనుకున్నాడు. ఇంగ్లీషు రాని మనిషిని మోసం చేశానన్న బాధ మాత్రం పోలేదు.

బస్సు కోదాడ దాటింది. జానమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి నాట్లు చూస్తోంది. పక్క సీట్లో కాలేజీ అమ్మాయి పుస్తకంలో ఒక మాట దగ్గర ఆగిపోయి, ‘రిలక్టెంట్’ అంటే ఏంటో అని పైకే గొణుక్కుంది.

“ఇష్టం లేక ఎనకాడుడు బిడ్డా, దానికి ఆపోజిట్ విల్లింగ్,” అంది జానమ్మ, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే.