ఒక్క ఛార్జితో మదనపల్లె

హరినాథ్ స్కూటరు సీటు ఎత్తగానే పుంగనూరు అంగడి వీధిలో సగం మంది పని మానుకుని చుట్టూ మూగారు.

కంపెనీ పెట్టిన బరువైన ఆసిడ్ బ్యాటరీలు లోపల లేవు. వాటి చోట నీలం టేపు చుట్టిన కట్టలున్నాయి. పాత లాప్‌టాప్ బ్యాటరీలను బెంగళూరులో తూకానికి కొని, పగలగొట్టి, ప్రాణమున్న సెల్లులు ఏరి, హరినాథ్ స్వయంగా కట్టిన కట్టలవి. అతను నడిపేది ఫ్యాన్సీ స్టోరు. తెలిసింది మాత్రం కరెంటు విద్య. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనివ్వడు.

"లిథియం," అన్నాడు సీటు దించుతూ. "ఇంక మదనపల్లెకు పోయి రావాలంటే ఒక్క ఛార్జి సాలు."

అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. కరెంటు స్కూటరంటే సైకిలు కన్నా కాస్త నయమని ఊరు తేల్చేసింది. హరినాథ్‌కు పిల్లనిచ్చిన మామ ఓబులప్ప అయితే అంత కూడా ఒప్పుకోలేదు.

"పోయేది సరే అల్లుడా. వచ్చేది?"

"వచ్చేది కూడా ఆ ఒక్క ఛార్జితోనే మామా."

"ఒక్క దినం నువ్వు బస్సు దిగి వచ్చినావంటే, ఆ బండిని మా కొట్టంలో బర్రె పక్కన కట్టేస్తా. రెండిటికీ పేడెత్తేది నువ్వే."

వీధంతా నవ్వింది. హరినాథ్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ఒక్క ఛార్జి మదనపల్లె చేరేసరికే అయిపోతుందని అతనొక్కడికే తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది రంగనాయకమ్మ. సొంత మేనత్త. మదనపల్లెలో ఒంటరిగా ఉంటుంది. మామయ్య కర్మంతరానికి తప్ప హరినాథ్ ఏనాడూ ఆమె గడప తొక్కింది లేదు. ఇప్పుడు స్టోరుకు సరుకు తేవడానికి ప్రతి బేస్తవారం మదనపల్లెకు పోతాడు కనుక, ప్రతి బేస్తవారం అత్త మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మొదటి వారమే బండిని వసారాలో పెట్టి, ప్లగ్గులో వైరు గుచ్చుతూ దొరికిపోయాడు.

"అదేందప్పా?"

"దొంగలు ఎత్తుకపోకుండా కట్టేస్తాండా అత్తా."

"కట్టెయ్ నాయనా. కాలం బాగలేదు." రంగనాయకమ్మ ఆకు వక్కల సంచి రొండిన దోపుకుని లోపలికి వెళ్లింది. ఆ అమాయకత్వానికి హరినాథ్‌కు జాలేసింది. జాలికన్నా సంతోషం ఎక్కువేసింది.

ఊరికే కూర్చుంటే అనుమానం వస్తుందని చీపురు తీసుకుని బూజు దులిపాడు. "నీకెందుకప్పా, అంగడి నడిపే మనిషివి," అని అత్త వారించింది. అంతలో ఫ్యాను ఆగిపోయింది.

"కరెంటు పాయె," అంది లోపల్నుంచి. "ఈడ ఇంతే నాయనా. ఎప్పుడొస్తాదో వాళ్లకే తెలీదు."

హరినాథ్ కంగారు బయటపడకుండా మిద్దెక్కి నీళ్ల తొట్టి కడిగాడు. ఎప్పటికో కరెంటు వచ్చింది, బండి నిండింది. చీకటి పడ్డాక పుంగనూరు చేరాడు. స్టోరు మెట్ల మీద ఓబులప్ప కాచుకుని ఉన్నాడు.

"యాడన్నా కరెంటు పట్టించినావా?"

"ఒక్క ఛార్జి మామా," అన్నాడు హరినాథ్, నడుము నొప్పి దాచుకుంటూ.

మరుసటి వారమూ కరెంటు పోయింది. చింతపండు గింజ తీశాడు. ఆ పై వారం కట్టెలు కొట్టాడు. ఏ పనీ ఆమె అడిగి చేయించుకున్నది కాదు. వద్దంటూనే ఉండేది. "ఇంటికొచ్చిన బిడ్డతో పని చేయిస్తే నాకు పాపమప్పా," అని సంచిలోంచి ఒక వక్క తీసి ఇచ్చేది. కరెంటు లేని వేళ ఎదురింట్లో టీవీ మోగుతుంటే, వాళ్లది వేరే ఫేజు అని హరినాథే ఆమెకు విడమర్చి చెప్పాడు. ఆమె నోరు తెరుచుకుని వినింది.

చివరికి ఉపాయం ఆలోచించాడు. బండిలో ఇంకో రెండు కట్టలు ఇరికించాడు. దాంతో పుంగనూరు చేరేంత బలమైతే రాలేదు గానీ, బండి నిండడానికి పట్టే సమయం మాత్రం పెరిగింది. సమయంతో పాటు అత్త ఇంట్లో పనీ పెరిగింది. కరెంటు ఆఫీసును, గవర్నమెంటును, మధ్యలో ఉన్న తీగలను తిట్టుకున్నాడు.

దసరా ముందు బేస్తవారం బండి మరీ మోసం చేసింది. ఊరి మొగదలే ఆగిపోతే అత్త ఇంటిదాకా తోసుకొచ్చాడు. వైరు గుచ్చి, కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేలోపే ఫ్యాను ఆగిపోయింది. ఓబులప్ప అప్పటికే కొట్టంలో బర్రెను పక్కకు జరిపి చోటు చేశాడని పొద్దున భార్య చెప్పింది.

మూలన సున్నం బక్కెట కనిపించింది. హరినాథ్ ఎవరూ అడగకుండానే నిచ్చెన ఎక్కాడు.

మధ్యాహ్నం తిరిగింది. చేతులు మండుతున్నాయి. కళ్లలో సున్నం పడింది.

"అత్తా, కరెంటు వచ్చిందా?" అన్నాడు.

"యాడొచ్చింది నాయనా." రంగనాయకమ్మ గుమ్మంలో నిలబడి తలెత్తి చూసింది. "ఆ మూల మాత్రం రోంత నల్లగా ఉండాది సూడు. వద్దులే అప్పా, దిగు. నీకెందుకీ కష్టం."

హరినాథ్ కుంచె ముంచి ఆ మూల కూడా పూసి, నిచ్చెన దిగి, వసారాలో బండి పక్కనే కూలబడ్డాడు.

రంగనాయకమ్మ నాలుగు గోడలూ ఒకసారి కలయజూసి, లోపలికి పోయి, ఆకు వక్కల సంచిలోంచి ఫ్యూజు తీసి బోర్డులో గుచ్చి, "కరెంటు వచ్చిందప్పా," అని కేకేసింది.