మూడు దెబ్బలు

"ఆ పానా ఎక్కడ?" అంది హిమజ.

మున్నా గిటార్ తీగలు బిగిస్తున్నాడు. "తేలే" అన్నాడు.

"అది లేకుండా ఆ పాట ఎలా పాడతారు? జనం ఊరుకుంటారా?"

హిమజ హైదరాబాద్‌లోని ఒక పాటల కంపెనీ మనిషి. ఆళ్లగడ్డ కాలేజీ మైదానంలో ఈ సాయంత్రం ప్రోగ్రాం బాగా జరిగితే, రేపే బ్యాండుతో మూడేళ్ల ఒప్పందం. లేకపోతే లేదు. షరతు ఒక్కటే. మొదటి పాట రికార్డింగులో ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి.

బ్యాండు పేరు 'నల్ల డీజిల్'. ముగ్గురే. గిటార్ వాయిస్తూ పాడేది మున్నా. డ్రమ్స్ ఎడ్విన్, చర్చిలో నేర్చుకున్నాడు. కీబోర్డు ప్రేమ్ సాగర్. నంద్యాలలో మున్నావాళ్ల లారీ రిపేరు షెడ్డే వాళ్ల స్టూడియో. మొదటి పాట 'ఈడే ఉండా, సూడవేమే'ని అక్కడే ఫోన్‌లో రికార్డు చేశారు. పాట ఆగిన మరుక్షణం ప్రేమ్ సాగర్ నెట్‌లో పెట్టేశాడు.

మూడు వారాల్లో తెలుగు పాటల్లో అది నంబర్ వన్.

పాటకన్నా అందులోని దెబ్బలే పెద్ద హిట్. పల్లవి కాగానే ఇనుము మీద టంగ్, టంగ్, టంగ్. కాస్త ఆగి, మళ్లీ మూడు. చాగలమర్రి బస్సులో పిల్లలు సీటు కమ్మీల మీద అదే కొడతారు. పెళ్లి వంటల దగ్గర గరిటెలతో అదే కొడతారు.

"అసలు ఆ ఐడియా ఎవరిది?" అంది హిమజ.

"మా అన్నది. బాబ్జాన్." ఈ ప్రశ్నకు మున్నా ఎప్పుడూ చెప్పే జవాబే. "మేం వాయిస్తాంటే లారీ కింద పని చేస్తాండె. పానాతో ఛాసిస్ మీద కొట్టినాడు."

"ముందే అనుకున్నారా?"

"లే. నువ్వూ ఒక తాళమెయ్ అన్నా అని ఎడ్విన్ రోజూ అడుగుతాండె. ఆ పొద్దు కొట్టినాడు. అన్న కూడా కలిసినాడ్రా అనుకున్యాం. ఇంకా గట్టిగా వాయించినాం."

"చివరి చరణంలో దెబ్బలు ఆపేశాడు చూడు, అది అద్భుతం! ఆయన్ని తీసుకురావాల్సింది."

"రాడు."

"ఏం, అలిగాడా? పేరు వేయలేదనా?"

ఎడ్విన్ డ్రమ్ము సరిచేసుకుంటున్నట్టు అటు తిరిగాడు.

వేదిక అంటే పది టైర్ల లారీ. మూడు పక్కలా డోర్లు దించి, పైన మైకులు పెట్టారు. దాని డ్రైవరు ఖాజా పీర్ నవ్వుతూ వచ్చి, తన పానా మున్నా చేతిలో పెట్టాడు.

"తీసుకోప్పా. మీ షెడ్డుకు రాక రెండేండ్లాయె గానీ, మీ అన్న పద్ధతి మర్చిపోతానా? కింద నుంచి అరిస్తే ఇనపడదని పానాతోనే మాట్లాడతాండె. ఒకటి కొడితే లైటు. రెండు కొడితే సుత్తి. మూడు కొడితే ఏందబ్బా?"

"టైమైంది, ఎక్కండి!" అని కేకేసింది హిమజ.

పాట మొదలైంది. మున్నా శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. గొంతులో మాత్రం ఏమీ లేదు. పల్లవి అయింది. పానా ఎత్తాడు.

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

హిమజ కింద నుంచి కొట్టమని సైగ చేస్తోంది. ఆమె చెయ్యి దించకముందే జనమే అందుకున్నారు. రెండు వేలమంది కుర్చీల మీద కొట్టారు. ముందు వరుస కుర్రాళ్లు లారీ డోరు మీదే కొట్టారు.

టంగ్, టంగ్, టంగ్.

మున్నా కాళ్ల కింద ఇనుము అదిరింది. గిటార్ వదిలేశాడు. లారీ మీద నుంచి దూకాడు. నేల మీద పడుకుని చక్రాల మధ్యకు పాకాడు. రెండు చేతులూ చాచి, ఖాళీ మట్టిని పట్టుకుని లాగుతున్నాడు.

జనం ఈలలు వేశారు. హిమజ వీడియో తీస్తోంది. "ఒప్పందం ఖాయం!" అని అరిచింది.

పైన డ్రమ్స్ ఆగిపోయాయి.

ఖాజా పీర్ వంగి లారీ కిందికి చూశాడు. "ఏందప్పా, ఆడ ఏం ఎతుకుతాండావ్?"

ఇందాకటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు గుర్తొచ్చినట్టు, మున్నా మామూలు గొంతుతోనే చెప్పాడు.

"మూడు కొడితే, జాకీ జారుతాంది, నన్ను బయటికి ఈడ్చండ్రా అని, అన్నా."