దగ్గు లేని గొంతు

రోదసి యాత్రికుల మాటల పాత రికార్డులను ఆ భాండాగారంలో ఇప్పుడు యంత్రమే శుభ్రంచేసి దాస్తోంది. అక్కడి ఉద్యోగిని హైమవతిని మస్తానమ్మ అవ్వ, రోదసిలో పోయిన తన భర్త చివరి మాటలు వినిపించమంది. విని అవ్వ ముఖం చిట్లించింది.

"మా ఆయన మాటకోసారి దగ్గేవోడు అమ్మాయ్. ఆ దగ్గేదీ?"

హైమవతి అసలు రికార్డు ఇమ్మని యంత్రాన్ని నాలుగుసార్లు అడిగింది. "అనవసర శబ్దాలు తొలగించాం, అసలు ప్రతి ఉంచలేదు" అన్న జవాబే వచ్చింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"చెరిపేసిందవ్వా," అంది తలదించుకుని.

"అయితే నేను దగ్గుతా, ఎక్కించుకో," అని అవ్వ అచ్చం భర్తలాగే దగ్గింది. యంత్రం దాన్నీ శుభ్రంచేసి, "శబ్దమేదీ లేదు" అంది.

హైమవతి యంత్రాన్ని ఆపేసి కాగితం తీసింది.

"ఏయే మాట దగ్గర తాత దగ్గి ఉంటాడో చెప్పవ్వా. చేత్తో రాస్తాను."